శవాసనం నుంచి లేవని మనిషి

“స్పృహ తప్పిన మనిషికి దుప్పటి కప్పి ఊరుకుంటారా?”

కొడుకు అరుపుకి హాల్లో చాపల మీద పడుకున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. కళ్ళ మీద మట్టిపట్టీ వేసుకున్న లావుపాటి పెద్దమనిషి ఒకాయన పట్టీ అంచు ఎత్తి, ఒంటికన్నుతో చూసి, మళ్ళీ దించేసుకున్నాడు.

యోగా డాక్టరమ్మ తల దించుకుంది. “మాదే తప్పు. శవాసనం అయ్యాక అందరూ లేచారు, మీ నాన్నగారు లేవలేదు. బాగా నిద్ర పట్టిందేమో అనుకున్నాం. ఒళ్ళంతా చెమటలు చూశాకే భయమేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాం.”

“నిద్రట, నిద్ర. ఇంకాస్త ఆలస్యమైతే మళ్ళీ లేవక్కర్లేని నిద్రే పట్టేది.”

అతను అచ్చు ప్రెస్సులో ఫోర్‌మన్. యంత్రాల హోరు మీద అరిచి అరిచి, చిన్నగా మాట్లాడటం అతని గొంతుకి చేతకాకుండా పోయింది. పనివాళ్ళు చాటున అతన్ని కుక్కర్ అని పిలుచుకుంటారు. ఇవాళ ఆ కుక్కర్ మూతే ఎగిరిపోయింది. నాన్న ఒంట్లో షుగరు ఒక్కసారిగా పడిపోయింది. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కిస్తుంటే కాసేపు నిలబడుతోంది, అంతలోనే మళ్ళీ జారిపోతోంది. మనిషి ఇంకా కళ్ళు తెరవలేదు. అక్కడ ఊరికే కూర్చోలేక, అమ్మని బండెక్కించుకుని వచ్చి ఈ ప్రకృతి చికిత్సాలయం మీద పడ్డాడు.

“ఆవిడనేం అనకురా,” అమ్మ అతని చొక్కా పట్టుకుంది.

“నువ్వుండమ్మా. నీకు లోకంలో అందరూ మంచివాళ్ళే.”

నాన్న ఇక్కడ చేరినప్పటి నుంచీ అతనికి ఒళ్ళు మంటగానే ఉంది. ఏళ్ళ తరబడి పాతుకుపోయిన షుగరు కాళ్ళూ చేతులూ వంచితే పోతుందా? పోతోందని నాన్న మురిసిపోయాడు. పొట్ట కరిగింది, రక్తపరీక్షలు బాగా వచ్చాయి. మొదటి నుంచీ ఆయన్ని చూస్తున్న పాత డాక్టరే ఇక మాత్ర ఆపేయమన్నాడు. ఆ రోజు కొడుకు ఇంటికెళ్ళి చేసిన గొడవకి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. మాత్రల అట్ట కొనుక్కొచ్చి మరీ అమ్మ చేతిలో కుక్కాడు. ఎలాగైనా మింగించాల్సిందే, లేకపోతే ఈ గడప తొక్కనన్నాడు. నాన్న మాత్రం నోట పెట్టేది లేదని భీష్మించుకు కూర్చున్నాడు. పైగా, “నీ మాత్రలు నువ్వే మింగరా, కోపానికేమైనా పనిచేస్తాయేమో,” అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే కొడుక్కి ఇప్పుడు ఏడుపొస్తోంది. ఏడుపు కూడా అరుపుగానే బయటికి వచ్చే మనిషి అతను.

“గ్లూకోజు ఎక్కించినా మళ్ళీ పడిపోతోందా?” డాక్టరమ్మ మొహం మారిపోయింది. “అయితే లోపల ఏదో మందు పనిచేస్తున్నట్టే. ఆయన మాత్రలేమైనా వేసుకుంటున్నారా? వేసుకుంటుంటే వెంటనే అక్కడ చెప్పాలి. ప్రాణానికే ప్రమాదం.”

“వాళ్ళూ అదే అడిగారు. ఏమీ లేదని చెప్పాను. మాత్ర పేరెత్తితేనే మా నాన్న మండిపడతాడు. మీరు తలకెక్కించిన పాఠమేగా అది.”

“ఒరేయ్ నాన్నా, ఒక్క మాట...” అంది అమ్మ.

“నోరు మూసుకుని కూర్చోమన్నానా?”

అమ్మ గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. కొడుకు గొంతు లేస్తే ఆవిడ నోరు పెగలదు.

“మాత్ర లేదు, సూది లేదు,” అతను డాక్టరమ్మ వైపు తిరిగాడు. “పరగడుపున ఆయన కడుపులోకి పోయేది మీ కాకరకాయ రసం ఒక్కటే. దాని పాళ్ళు చెప్పిందెవరు?”

“నేనే. కాకర, సొర, ఉసిరి. వాటికి మనిషి స్పృహ తప్పడు.”

“మరెందుకు తప్పాడు? మా అమ్మ మీరు చెప్పింది చెప్పినట్టే పిండి, సీసాలో పోసి పంపిస్తుంది. ఇదిగో, ఇంకా ఇక్కడే ఉంది.”

నాన్న చాప పక్కన సగం తాగి వదిలేసిన సీసాని తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టాడు. పచ్చటి రసం లోపల కదిలి, అడుగున పేరుకున్న మడ్డి పైకి లేచింది.

“అంత నమ్మకముంటే తాగండి. నా కళ్ళ ముందు తాగండి.”

డాక్టరమ్మకీ కోపం వచ్చింది. “తాగుతాను. నాకేమీ కాకపోతే మీరు ఇక్కడ అరవడం మానేసి, వెళ్ళి మీ నాన్నగారి దగ్గర కూర్చోవాలి.”

“ముందు తాగండి. మీరూ పడిపోతే అప్పుడు తేలుతుంది, మా నాన్న ప్రాణం మీదికి తెచ్చిందెవరో.”

ఆవిడ సీసా ఊపి, రసం స్టీలు గ్లాసులో వంచింది. చాపల మీద ఉన్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. మట్టిపట్టీ ఆయన ఈసారి పట్టీ పూర్తిగా తీసేశాడు. డాక్టరమ్మ గ్లాసు ఎత్తింది.

అమ్మ బెంచీ మీద నుంచి లేచి పరుగున వచ్చింది. ఆవిడ అంత వేగంగా కదలడం కొడుకు ఎన్నడూ చూడలేదు. గ్లాసు పెదవులకి తగలకముందే అరచేయి అడ్డం పెట్టి కిందికి నొక్కేసింది. రసం ఇద్దరి చేతుల మీదా ఒలికింది. అమ్మ డాక్టరమ్మ వైపు చూడలేదు, కొడుకు వైపే చూసింది.

“నువ్వు ఎలాగైనా మింగించమన్న మాత్ర ఇందులోనే ఉందిరా.”