చలికాలానికి క్యాబేజీ

ఫోను పెట్టేసిన చీ వెన్‌హై మొహంలో నెత్తురు చుక్క లేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సూచిన్‌ పిండి చేతులతోనే ఇవతలికొచ్చింది.

"ఎవరు? ఏమైంది?"

"నన్ను డిప్యూటీ మేయర్‌ని చేస్తున్నారట."

సూచిన్ కెవ్వుమని అరిచి భర్త మెడకు వేలాడింది. అతని నల్లకోటు నిండా పిండి చేతుల గుర్తులే. వాళ్ల పెళ్లయి ఇంకా రెండు నెలలే. పల్లె కార్యాలయంలో గుమస్తాగా చేరి, వరదల్లో మోకాటిలోతు బురదలో తిరిగి, ఇరవై ఏళ్లకు కౌంటీ అధికారి అయ్యాడతను. ఇప్పుడు ఏకంగా మేయర్ పక్క కుర్చీ!

"ఏ ఊరు?"

"పడమటి పీఠభూమి మీద. కనీసం మూడేళ్లు."

సూచిన్ చేతుల పట్టు సడలింది. ఆసుపత్రి మందుల గదిలో తన ఉద్యోగం ఇక్కడే. వదిలి వెళ్లడం కుదరదు. అయినా నవ్వింది. పంపినచోటికి వెళ్లాల్సిందే. వద్దన్నవాడి పేరు పైవాళ్లు మళ్లీ తలవరు.

మర్నాడే వెన్‌హై పేరు కొత్త పదవికి ఎంపికైనట్టు ఆఫీసు నోటీసు బోర్డుకెక్కింది. వారం పాటు అక్కడే ఉంటుంది. అతని తప్పు తెలిసినవాళ్లు ఎవరైనా సరే, తమ పేరు చెప్పకుండా పైవాళ్లకు ఫోను చేయొచ్చు. ఎవరూ చేయకపోతేనే ఆ కుర్చీ.

ఆ వారం సూచిన్‌కి ముద్ద దిగలేదు. మెట్ల మీద ఎవరు గుసగుసలాడినా ఆగి వినేది. ఆ పదవి కోసం పోటీపడి ఓడిన కాంగ్ ఎదురై "శుభాకాంక్షలు వదినా!" అంటే తలొంచుకుని గబగబా మెట్లు దిగేసింది.

చివరి రోజు. ఆఫీసు మూసేదాకా గడువు. పొద్దున్నే బజారుకెళ్లిన వెన్‌హై బండెడు క్యాబేజీతో తిరిగొచ్చాడు. వీధిలో అందరూ చలికాలానికి కొని పెట్టుకుంటున్నారు, నిజమే. కానీ...

"వచ్చేవారం రైలెక్కే మనిషివి! ఇంత క్యాబేజీ ఎవరు తింటారు? నేనేమన్నా కుందేల్నా?"

"చవగ్గా ఇచ్చాడు," అని గొణిగి, గోడవారగా పేర్చుకుంటూ పోయాడు.

సాయంత్రం ఆఫీసు మేనేజరు ఫాన్ రొప్పుతూ వచ్చాడు.

"కొంప మునిగింది బాబూ! ఎవరో ఫోను చేశారు. పెళ్లి చేసుకున్న సంగతి నెల లోపల మీరు పైవాళ్లకు తెలియజేయలేదట! నిజమేనా?"

"నిజమే. మర్చిపోయాను."

"పెళ్లి సంబరంలో పడి రూలే మర్చిపోయారా! సరే, చిన్న తప్పే. మందలించి వదిలేస్తారు. ఇక్కడి కుర్చీకి ఢోకా లేదు. ఆ కుర్చీ మాత్రం..." ఫాన్ గాల్లో చెయ్యి తిప్పాడు. "ఇది కాంగ్ పనే. వాడి నోరు పడిపోను!"

ఫాన్ వెళ్లగానే సూచిన్ చేతిలోని అప్పడాల కర్ర పక్కన పడేసి క్యాబేజీల మధ్యే కూలబడింది.

"నా వల్లే! నన్ను చేసుకోకపోతే నీకీ గతి పట్టేదా? ఇరవై ఏళ్ల కష్టం! ఆ ఫోను చేసినవాడు దొరకాలి, అప్పడాల కర్రతో వీపు చిట్లగొడతాను!"

వెన్‌హై వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె జుట్టుకంటిన క్యాబేజీ ఆకు తీశాడు. ఆమె కళ్లు తుడిచాడు.

"రేపు పొద్దున్నే బజారుకెళ్లి పెద్ద జాడీ కొందాం సూచిన్, ఇదంతా ఊరవేసుకుని చలికాలమంతా ఇద్దరం తిందాం," అన్నాడు మెల్లగా, అప్పడాల కర్ర అందకుండా కాలితో అవతలికి నెడుతూ, "ఇవాళ క్యాబేజీ బేరమాడే ముందు ఆ ఫోను చేసింది నేనే."