ఇంట్లో ఎందరు

వెబ్ డెవలపర్‌గా ఆఫీసు పని అయ్యాక అతను సొంత సరదాకి రాసుకున్న పన్నెండో వెబ్ పేజీ ఇది. మొదటి పదకొండూ సగంలో ఆగాయి. గదుల్లో పెట్టిన సెన్సార్లతో ఇంట్లో ఎందరున్నారో ఇది చెబుతుంది. రేపు బావమరిదికి చూపించి వాడి నోరు మూయించాలి.

ఆ రాత్రి ఇంట్లో అతనొక్కడే ఉన్నాడు. పేజీ ఇద్దరంది. మూడుసార్లు ఆపి మొదలుపెట్టినా ఇద్దరే.

ఒళ్లు మండి, వాళ్లక్క ఇంటికి వెళ్లిన భార్యకు ఫోన్ చేశాడు.

"నువ్వు ఇంట్లో లేవు కదా?"

"ఏమైందండీ మీకు? పొద్దున నన్ను బస్సెక్కించింది మీరేగా!"

"మరి ఈ దరిద్రం ఇద్దరంటోంది! రేపు నీ తమ్ముడు పళ్లికిలిస్తాడు."

"ఆ లెక్కలోంచి ఒకటి తీసేయండి. వాడికేం తెలుస్తుంది?"

పళ్లు కొరుకుతూ కోడ్‌లో ఒకటి తీసేశాడు. పేజీ ఒక్కరంది. పరీక్షించడానికి, ఫోన్ పట్టుకుని బనియన్‌తోనే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఫోన్‌లో పేజీ సున్నా అంది.

"చూశావా, ఇల్లు ఖాళీ! ఇప్పుడు తప్పు పట్టమను వాణ్ని!"

లోపల గడియ పడింది.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది భార్య.

"ఎవడ్రా లోపల?" అని తలుపు దబదబా బాదాడు.

లోపల లైటు ఆరిపోయింది.