పొడుగు క్యూ

ఆ పెద్దాయన ఇవాళ కూడా పొడుగు క్యూలోనే నిలబడ్డాడు.

అనిల్‌కుమార్ సీసీటీవీ తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. వుడ్‌లాండ్స్ చెక్‌పోస్టులో అతను షిఫ్ట్ సూపర్‌వైజర్. మలేషియాలోని జొహోర్ నుంచి సింగపూర్ రావాలంటే చాలామందికి సముద్రం మీద కట్టిన ఆ ఇరుకు దారే దిక్కు. బస్సులు, లారీలు, మోటార్‌సైకిళ్లు అన్నీ దాని మీదే. అవతల దిగి ఒక క్యూ. మళ్ళీ బస్సు. ఇవతల దిగి ఇంకో క్యూ. అందుకే ఎక్కడ క్యూ పొట్టిగా ఉంటే జనం అక్కడికి పరిగెడతారు.

ఈయన పరిగెత్తడు. కళ్ళు చూసి తెరుచుకునే ఆటోమేటిక్ గేట్లు ఖాళీగా ఉన్నా అటు పోడు. మనుషులు కూర్చునే కౌంటర్లలో కూడా ఆఫీసర్ కీర్తిక కౌంటరే కావాలి. పక్క కౌంటర్ ఆఫీసర్ చెయ్యి ఊపి పిలిస్తే, వెనకవాళ్ళకి దారిచ్చి తను ఆగిపోతాడు.

పోనీ, ఇంత నిలబడి లోపలికొచ్చాక ఊళ్ళోకి వెళ్తాడా అంటే అదీ లేదు. కింద కాసేపు కూర్చుని, తిరుగు బస్సెక్కి జొహోర్ వెళ్ళిపోతాడు. కొన్ని నెలలుగా ప్రతి వారం ఇదే వరస.

కీర్తిక తీరు కూడా అనిల్‌కుమార్‌కి తేడాగా కనిపించింది. అందరి మొహాలూ పాస్‌పోర్ట్ ఫోటోతో చిటికెలో పోల్చి, నవ్వి పంపించేస్తుంది. ఈయన మొహం మాత్రం చాలాసేపు చూస్తుంది. నవ్వదు. ఒక్క ప్రశ్న వెయ్యదు.

సైగలా?

లోపలి మనిషి సాయం ఉంటే సరుకు తేలిగ్గా దాటుతుంది. మత్తుమందైతే ఈ దేశంలో ఉరే. కీర్తిక మంచి ఆఫీసర్. ఆమె మీద పైకి రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. ముందు రూఢి చేసుకోవాలనుకున్నాడు.

తర్వాతి వారం కీర్తికని హఠాత్తుగా హాలు చివరి కౌంటర్‌కి మార్చాడు.

పెద్దాయన వచ్చాడు. పాత కౌంటర్లో వేరే ఆఫీసర్‌ని చూసి ఆగిపోయాడు. జనం ఆయన్ని రాసుకుంటూ వెళ్తున్నారు. ఒక్కో అద్దం వెనకా వెతుక్కుంటూ నడిచి, చివరికి కీర్తిక కనపడగానే ఆ క్యూ తోకలో చేరాడు.

ఇంక అనుమానం లేదు. అనిల్‌కుమార్ హాల్లోకి వచ్చాడు. ఆమె పాస్‌పోర్ట్ తిరిగి ఇచ్చేదాకా ఆగి, ఆయనకి అడ్డంగా నిలబడ్డాడు.

"అంకుల్, ఒకసారి ఇలా రండి."

కీర్తిక సీట్లోంచి సగం లేచింది.

"ఈయన నీకు తెలుసా?" అని అడిగాడు ఆమెని.

ఆమె మళ్ళీ కూర్చుంది. "నెక్స్ట్," అంది క్యూ వైపు చూసి.

తనిఖీ గదిలో సంచి తెరిచారు. గొడుగు, మందుల డబ్బా, రెండు అరటిపళ్ళు. మత్తుమందు పసిగట్టే కుక్క కూడా వాసన చూసి ఊరుకుంది.

పాస్‌పోర్ట్‌లో పేరు సీతారామారావు. అనిల్‌కుమార్ తెలుగులోకి మారాడు. అతని తాత తెలుగు ఊరి నుంచి ఇక్కడి సెంబవాంగ్ నేవల్ బేస్‌లో పని చెయ్యడానికి వచ్చినవాడు. ఇంట్లో ఆ భాష ఇంకా మిగిలే ఉంది.

"ఆటో గేట్ ఎందుకు వాడరు అంకుల్?"

"శుక్లాల ఆపరేషన్ అయింది బాబూ. నా కళ్ళు మెషిన్‌కి ఆనవు."

అనిల్‌కుమార్ ఆయన్ని గదిలో ఉన్న స్కానర్ ముందు నిలబెట్టాడు. వెంటనే పచ్చ లైటు వెలిగింది.



"అబద్ధం చెప్పారు. ఇది మీ ఒక్కరితో పోయేది కాదు. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. జైలు కూడా పడొచ్చు."

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి రెండు చేతులూ జోడించాడు. "తన తప్పేం లేదు బాబూ. నేనే కావాలని తన క్యూలోకి వస్తున్నాను. కావాలంటే నన్నే ఇటు రానివ్వకండి."

"మరి ఆ కౌంటరే ఎందుకు?"

"తన పెళ్ళికి నేను వెళ్ళలేదని మా అమ్మాయి ఫోనెత్తదు, తలుపు తియ్యదు బాబూ... అక్కడైతే పాస్‌పోర్ట్ చేతికిచ్చాక నా మొహం చూడక తప్పదు కదా."