అన్నయ్య పుండులోని పొర

అన్నయ్య కాలి పుండు ఎన్ని మందులు వాడినా మొండికేసింది. అందులోని క్రిములు జిగురు పొర కప్పుకుని కూర్చున్నాయి, మందు లోపలికి దిగడం లేదు. కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు అన్నప్పటి నుంచి చెల్లెలికి కంటి మీద కునుకు లేదు. మొక్కల రసాలతో అలాంటి పొరలను కరిగించడమే ల్యాబులో ఆమె పని. పుండులోంచి తీసిన క్రిములను గాజు పళ్ళేల్లో పెంచింది. ఆ రాత్రి అందరూ వెళ్ళాక, ఒక పళ్ళెంలో లవంగాల సారం చుక్క వేసింది.

పొర అంచు ముడుచుకుంది. అప్పుడే ఫోను మోగింది, ఆసుపత్రి నుంచి అన్నయ్య.

"చెల్లీ, నా కాలి మీద ఎవరో చల్లగా ఏదో పోశారే. లేచి చూస్తే గదిలో ఎవరూ లేరు."

"నర్సు అయ్యుంటుందిలే అన్నయ్యా," అంది. ఫోను చెవిన పెట్టుకునే ఇంకో చుక్క వేసింది.

"అదుగో, మళ్ళీ! హాయిగా ఉందే. మంట తగ్గింది."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలో పక్కగదిలో బుస్సుమని ఆవిరి చప్పుడైంది. అక్కర్లేని పళ్ళేలను ఉడికించి క్రిములను చంపే యంత్రం అది. అన్నయ్య పుండు క్రిములున్న మిగతా పళ్ళేలన్నీ అందులో పెట్టి ఇందాక తనే మీట నొక్కింది.

"చెల్లీ, ఇక్కడేంటే ఉన్నట్టుండి ఇంత ఉక్కగా ఉంది?"

పరుగెత్తి స్విచ్ కట్టేసింది. పిడి పట్టుకుని లాగింది. లోపలి ఆవిరి దిగేదాకా ఆ తలుపు తెరుచుకోదు.

ఫోనులో అన్నయ్య, కిటికీ తెరవమని ఎవరినో కేకేస్తున్నాడు.