గూటి లోపలి వెలుతురు

రండి నాయనా, దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకున్న అమ్మా, పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని మీరూ ముందుకు రండి.

ఒక అడవిలో కూలికి గూళ్లు అల్లే గిజిగాడు ఉండేది. ఒక గువ్వ దాన్ని పిలిచి, "అన్నా, పోయినసారి నా గుడ్లు గూట్లోంచి జారి పగిలిపోయాయి. వాన వచ్చేలోపు గట్టి గూడు అల్లిపెట్టు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

గూడు ముప్పాతిక అయ్యాక, అదే పనికి తిరిగే ఒక పిచ్చుక వచ్చింది. "బావా, నువ్వు బయట అల్లు. నేను లోపల కూర్చుని సందులేమైనా ఉన్నాయేమో చూస్తాను. కూలి చెరిసగం."

"చూసినందుకు నీకు సగం కూలా? పైగా నా ముడి నేర్చుకుని పోతావు" అంటూ గిజిగాడు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నేర్చుకుంటే నేర్చుకుంటాను బావా. ఈసారీ గుడ్లు పడితే గువ్వ ఏమైపోతుంది?"

గిజిగాడు గువ్వ వైపు చూసింది. పక్కకు జరిగి, "లోపలికి రా" అంది.

పిచ్చుక లోపల కూర్చోగానే, "బావా, అడుగున వెలుతురు కనిపిస్తోంది" అంది. బయటికి నున్నగా ఉన్న అల్లికలో గుడ్డు జారేంత సందు ఉంది. ఒకటి లోపలి నుంచి పోచ అందిస్తే, ఒకటి బయటి నుంచి బిగించింది. లోపల చీకటయ్యేదాకా అల్లాయి.

గువ్వ గుడ్లు పెట్టాక గాలివాన వచ్చి కొమ్మలు విరిచింది. గూడు ఊగింది గానీ ఒక్క గుడ్డూ జారలేదు. గువ్వ పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిన రోజున అడవి అడవంతా ఆ ఇద్దరినీ పిలిచింది. "ఇద్దరికీ నిండు కూలి ఇస్తాం, జంటగానే రండి."

దేవుడు మనకు వీపున కళ్లు పెట్టలేదు తల్లీ, పక్కన మనిషిని పెట్టాడు. గిజిగాడు పక్కకు జరిగి "లోపలికి రా" అంది చూశారూ, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. రేపు మీ పనిలో మీరూ అలాగే జరగండి.