చప్పుడుండే మౌస్

"చప్పుడు లేనిది వద్దన్నా. చప్పుడుండేదే కావల్ల," అంది అమల.

జోయల్ ఆమెను వింతగా చూశాడు. తిరుపతి లీలామహల్ సెంటర్ దగ్గర అతనిది కంప్యూటర్ సామాన్ల షాపు. గేములాడే మౌస్ కోసం చాలామంది వస్తుంటారు. అందరూ చప్పుడు తక్కువుండేది చూపించమంటారు. ఇలా అడిగిన మనిషి ఈమే మొదలు.

అతను ముందు చవక రకం తీశాడు. ఆమె పక్కకు నెట్టేసింది. అద్దాల బీరువాలోంచి బాగా ఖరీదైనది తీశాడు. పెట్టె కూడా తెరవనివ్వలేదు.

"చవకదైతే పారేస్తారు, ఖరీదైందైతే దాచేస్తారు. నడిమి రకం చూపించన్నా."

జోయల్ నవ్వుకుని మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. అమల ఒక్కోదాన్నీ తిరగేసి చూసింది. బరువెంత, లోపలి సెన్సార్ ఏది, బటన్లు ఎన్ని లక్షల నొక్కులు తట్టుకుంటాయి అని వరసగా అడిగింది. సగం ప్రశ్నలకు జోయల్ పెట్టె వెనకాల చదివి చెప్పాల్సివచ్చింది. ఇవన్నీ యాడ నేర్చుకున్నావక్కా అని అడిగాడు.

"మూడేళ్లు ఇదే నా బతుకు," అంది ఆమె.

తర్వాత అతన్నే కూర్చుని ఆడమంది. షాపు కంప్యూటర్లో కాల్పుల ఆట ఒకటి ఉంది. జోయల్ మొదటి మౌస్ తగిలించి ఆడాడు. అమల తెర వైపు చూడలేదు, అతని మణికట్టునే చూస్తూ నిలబడింది. కాసేపటికి అతను చెయ్యి విదిలించుకున్నాడు. ఆమె ఆ మౌస్‌ను పెట్టెలో పెట్టేసింది. రెండోది చెమటకు జారింది. అదీ పెట్టెలోకి పోయింది.

మూడోది అరచేతిలో అమరినట్టు కూర్చుంది. నల్లది, చుట్టూ రంగులు మారే లైటు. జోయల్ ఆడుతూనే ఉన్నాడు. ఎవరో పెద్దాయన వచ్చి ప్రింటరు ఇంకు ఉందా అని అడిగాడు. రెండోసారి అడిగాడు. జవాబు రాకపోయేసరికి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. జోయల్ తలెత్తలేదు.

అమల పెదవుల మీద సన్నగా నవ్వు కదిలింది.

ఆమె వెళ్లి ఫ్యాను ఆపింది. షాపు వెనకాల సామాన్లు పెట్టుకునే చిన్న గది ఉంది. అందులోకి పోయి తలుపు వేసుకుని, ఇప్పుడు నొక్కన్నా అని లోపలి నుంచి కేకేసింది. జోయల్ నొక్కాడు. టిక్కు. టిక్కు. టిక్కు టిక్కు. ఆ చప్పుడుకు చీకట్లో అమల దవడలు బిగుసుకున్నాయి. తలుపు తీసి బయటికి వచ్చి, బాగా వినపడుతోందని చెప్పింది.

దాంట్లో ఉన్న లోపం కూడా జోయల్ దాచలేదు. ఆ లైటు ఆర్పడానికి వీల్లేదు, కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది. పైగా ఇది ఆమె చేతికి పెద్దది.

"ఉండనీ. ఇదే ఇయ్యి," అంది అమల.

బిల్లు రాస్తూ, ఇంత పట్టుగా ఎవరి మీద ఆడబోతున్నావని అడిగాడు జోయల్. అమలకు లోహిత మొహం కళ్ల ముందు ఆడింది. ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు. కొత్తగా వచ్చిన పిల్ల అని అమలే ఆమెను దగ్గరికి తీసింది, తనవాళ్లందరికీ పరిచయం చేసింది. ఏడాది తిరిగేసరికి అమల ఉండాల్సిన చోట లోహిత ఉంది. అది చాలక, క్యాంటీన్లో పదిమంది వింటుండగా అన్న మాట ఒకటుంది.

"నిలబెట్టుకోను నీకు చేతకాలేదు అమలా. నేను గెల్చినా. నా మీద ఏడ్సి ఏం లాభం?"

ఆరోజు అమల అన్నం డబ్బా మూత కూడా తీయకుండా లేచి వచ్చేసింది.

"ఒకామె నన్ను ఓడించినాదన్నా," అంది చివరికి. "అందరి ముందర నవ్వినాది. బదులు తీర్చుకోవల్ల."

జోయల్‌కు హుషారొచ్చింది. ఒకప్పుడు తనూ అలాంటి దెబ్బలు తిన్నవాడే. మౌస్‌ను జాగ్రత్తగా పెట్టెలో సర్ది ఆమె చేతికిచ్చాడు.

"ఇది దిగిందంటే ఆమెకింక నిద్దర పట్టదు, సూడక్కా."

ఆ షాపులోకి వచ్చాక అమల పైకి నవ్వడం అదే మొదటిసారి.

సాయంత్రం పుత్తూరు బస్సెక్కింది. వడమాలపేట దాటాక ఒకసారి సంచిలో చెయ్యి పెట్టి పెట్టెను తడుముకుంది. వెనక్కి తిరిగిపోదామా అని అనిపించింది. క్యాంటీన్లో లోహిత అన్న మాట మళ్లీ చెవిలో మోగింది. పుత్తూరు వచ్చేదాకా కిటికీలోంచి కళ్లు తిప్పలేదు.

హాలు జనంతో కిటకిటలాడుతోంది. వేదిక మీద, కళ్లు జిగేలుమనే లైట్ల కింద లోహిత నవ్వుతూ నిలబడి ఉంది. అమలను చూడగానే ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ముందు వరసలో ఆఫీసువాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో ఆమెను ఆపబోయి, ఆగిపోయారు.

అమల మెట్లెక్కింది. లోహిత ఎదుట ఒక్క క్షణం నిలబడి, ఆమెను దాటి ముందుకు జరిగింది.

ఆ పెట్టెను పెళ్లికొడుకు చేతిలో పెట్టింది, మూడేళ్లపాటు తెల్లవార్లూ గేములాడి పక్కగదిలో తనకు కంటిమీద కునుకు లేకుండా చేసిన తన మాజీ మొగుడు సుకుమార్ చేతిలో.