లిఫ్టును ఆపుతున్నదెవరు?

"ఈ లిఫ్టు రోజూ తొమ్మిదిన్నరకి కింద అంతస్తులో తలుపు తెరుచుకుని నిలబడిపోతోంది. పై అంతస్తులవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు," అన్నాడు మేనేజరు. "రేపు ఉదయానికల్లా తేల్చమ్మా. లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాను."

కొత్త ప్రోగ్రామరు మొహం మాడిపోయింది. లిఫ్టు ప్రోగ్రాం ఆమె చేతికొచ్చి వారమే అయింది. అంతకుముందు దాన్ని చూసింది పక్క కుర్చీలోని సీనియరు. ఆ సీనియరు సాక్షాత్తూ ఆమె అత్తగారు.

"పొద్దున్నే కాస్త ముందు లేస్తే బుర్ర పనిచేస్తుంది," అంది అత్తగారు తల తిప్పకుండానే.

ప్రోగ్రాంలో తలుపును ఆపి ఉంచే మెథడ్, అంటే ఆ పని చేసే ముక్క, ఒకటే. దాన్ని పిలిచి ఆ పని చేయించుకునే మెథడ్లు మాత్రం నలభై పైచిలుకు. అన్నీ చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే. అందుకే ప్రోగ్రాం నడుస్తుండగానే దొంగను పట్టాలనుకుంది కోడలు. పిలిచిందెవరో కనిపెట్టి తెరమీద రాయడానికి 'ఎవరక్కడ' అని చిన్న మెథడ్ చేర్చి, పరీక్షించి చూసింది.

'పిలిచింది: ఎవరక్కడ.'

"బాగుంది. నువ్వు పెట్టిన కాపలావాడే దొంగన్నమాట," అంది అత్తగారు.

కోడలికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఎవరు ఎవర్ని పిలిచారో చూపే వరసలో అన్నిటికంటే పైనున్న పేరు చదువుతున్నావు, అది నీ మెథడ్‌దే. దాని కింద తలుపు మెథడ్. ఇంకో మెట్టు దిగు, పిలిచినవాళ్లు అక్కడుంటారు." అత్తగారు కీబోర్డు తన వైపు లాక్కుంది. ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నిట్టూర్చి, ఎన్ని మెట్లు దిగాలో చెప్పే చోట సున్నా తీసేసి రెండు వేసింది.

మర్నాడు కోడలు ఎప్పట్లాగే రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చింది. నక్కతోక తొక్కినట్టు, ఎప్పట్లాగే లిఫ్టు ఎదురుగా తెరుచుకుని ఉంది.

పైకి వెళ్లేసరికి ఆమె కంప్యూటరు చుట్టూ జనం. మేనేజరుతో సహా అందరూ నవ్వుతున్నారు. అత్తగారు మాత్రం తన కంప్యూటరులో తల దూర్చేసింది.

"దొరికిందమ్మా, పని నీదే," అంటూ మేనేజరు పక్కకు జరిగాడు. "దీన్ని ఉంచాలో తీసెయ్యాలో కూడా నువ్వే చెప్పు."

కోడలు వంగి చదివింది.

'పిలిచింది: మా కోడలు ఎక్కేదాకా.'